మాటలు లేని చరణం: కొన్ని గిటార్ సోలోలు మనల్ని ఎందుకు వదలవు?

మా హాస్టల్ గదిలో ఒక పాత టేప్ రికార్డర్ ఉండేది. దానితో పాటు ఎవరో ఎవరి దగ్గరో కాపీ చేయించుకొచ్చిన ఇంగ్లిష్ పాటల క్యాసెట్ ఒకటి. అందులో ఈగల్స్ బృందం పాడిన ‘హోటల్ కాలిఫోర్నియా’ ఉంది. మేమంతా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లం. పాటలో మాటలు సగం చెవికి అందేవి కావు, అందినవి అర్థమయ్యేవి కావు. కానీ పాడటం అయిపోయి, ఇంక రెండు నిమిషాల పైచిలుకు గిటార్లు మాత్రమే మిగిలినప్పుడు గదంతా గొంతు కలిపేది. మంచం మీద వాలినవాడు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నవాడు, రేపటి పరీక్ష గురించి టెన్షన్ పడుతూ పుస్తకం ముందు కూర్చున్నవాడు, అందరూ నోటితోనే గిటార్ వాయించేవారు. ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ ఆపాలో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయేది.

పాట రానివాళ్లకి గిటార్ ఎలా వచ్చింది? చాలా ఏళ్లు నన్ను తొలిచిన ప్రశ్న ఇది. సోలో అంటే పాట మధ్యలోనో చివర్లోనో మిగతా వాయిద్యాలు వెనక్కి తగ్గి, గిటార్ ఒక్కటే ముందుకొచ్చి పలికే భాగం. రాక్, బ్లూస్, జాజ్, పాప్ అన్నింటిలో వేల సోలోలు రికార్డయ్యాయి. వాటిలో ఏ కొన్నో తరాలు దాటి బతుకుతున్నాయి. వేళ్ల వేగమే కారణమని కొందరంటారు. ఆ సాధనకి నేనూ దండం పెడతాను. కానీ గుర్తుండిపోయిన సోలోల్లో చాలా వాటిని ఒకటి రెండేళ్లు నేర్చుకున్న కుర్రాడు నెమ్మదిగా వాయించగలడు. నాకు అర్థమైనంతవరకు అసలు సంగతి ఒక్కటే: ఆ సోలోని గొంతుతో పాడుకోవచ్చు. అది మాటలు లేని చరణం. గాలి ఊదని, విల్లుతో రాయని, మీటిన మరుక్షణం నుంచే ధ్వని చచ్చిపోవడం మొదలయ్యే ఒక తీగల పెట్టె గొంతులా పాడటం ఎలా సాధ్యమైందన్నది మాత్రం కాస్త విడమరచి చెప్పుకోవాల్సిన విషయం.

వీణ మీద లాగినట్టే

మొదట్లో గిటార్‌కి సోలో అనే అవకాశమే సరిగా లేదు. 1930లలో అమెరికా డాన్స్ బ్యాండుల్లో ట్రంపెట్లు, శాక్సఫోన్లు, డ్రమ్ముల మధ్య గిటార్ పని లయ పట్టడమే. దాని చప్పుడు పక్కవాడికే వినపడేది కాదు. 1936లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 అనే ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చింది. తీగల కింద అయస్కాంతపు పికప్, అక్కడి నుంచి ఆంప్‌కి, అంటే ధ్వనిని పెంచే యాంప్లిఫయర్ పెట్టెకి, వైరు. ఆ గిటార్ పట్టుకుని చార్లీ క్రిస్టియన్ అనే కుర్రాడు 1939లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌లో చేరాడు. అతని సోలోలు వింటే గిటార్ వాయిస్తున్నట్టుండదు, శాక్సఫోన్ ఊదుతున్నట్టుంటుంది. ఒక్కొక్క స్వరం, పొడవైన వాక్యాలు, మధ్యలో ఊపిరి. 1942లో క్షయతో చనిపోయేనాటికి అతని వయసు 25. అంత చిన్న జీవితంలో గిటార్‌ని లయ వాయిద్యాల వరుసలోంచి తీసుకొచ్చి పాడేవాళ్ల పక్కన నిలబెట్టాడు.

గొంతు పోలిక పూర్తిగా వచ్చింది మాత్రం అమెరికా నల్లజాతివాళ్ల పాటల్లోంచి పుట్టిన బ్లూస్ సంగీతం వాళ్ల చేతుల్లో. గిటార్ మెడ మీద మెట్లుంటాయి. మెట్టుకి మెట్టుకి మధ్య అర స్వరం తేడా. హార్మోనియంలాగే ఈ స్వరానికీ ఆ స్వరానికీ మధ్య జాగా ఉండదు. బ్లూస్ గాయకుడి గొంతు మాత్రం ఆ మధ్య జాగాలోనే తిరుగుతుంది. మన లెక్కలో చెప్పాలంటే సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలబడుతుంది. అది వట్టి వేళ్లతో పలకాలంటే దారి ఒకటే: మెట్టు మీద నొక్కిన తీగని వేలితో పక్కకి లాగడం. బిగువు పెరుగుతుంది, స్వరం పైకి జారుతుంది. గిటార్ వాళ్లు దీన్ని బెండ్ అంటారు. వీణ మీద తీగని పక్కకి లాగి గమకం పలికించడం చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, పని అదే.

చదివితే తేలిగ్గా ఉంటుంది, చేస్తే తెలుస్తుంది. మూడో తీగ, ఏడో మెట్టు. ఉంగరం వేలు తీగ మీద, వెనక మధ్య వేలు, చూపుడు వేలు సాయానికి. మూడు వేళ్లూ కలిపి పైకి నెడితే తీగ పక్క తీగ దాకా వస్తుంది. స్వరం ఒక మెట్టు కాదు, రెండు మెట్లు పైకి వెళ్లి సరిగ్గా అక్కడ ఆగాలి. కొంచెం తక్కువైతే అపశ్రుతి, ఎక్కువైతే ఏడుపు. ఎంత లాగాలో మెడ మీద గుర్తేమీ ఉండదు, చెవి చెప్పాలి. నేను మొదటి నెలంతా వేలి కొస కందిపోయేలా లాగినా స్వరం దారిలోనే ఆగిపోయేది. పైకి చేరాక ఆ బిగువులోనే తీగని చిన్నగా ఊపితే గాయకుడి గొంతు వణికినట్టుంటుంది. దాని పేరు వైబ్రాటో.

ఈ వణుకుని తన సంతకం చేసుకున్నవాడు బీబీ కింగ్. ఆయన చుట్టం బుక్కా వైట్ తీగల మీద లోహపు గొట్టం జరుపుతూ వాయించేవాడు. ఆ పద్ధతి తనకి పట్టుబడక, అదే ధ్వని కోసం ఎడమ చేతిని ఊపడం నేర్చుకున్నానని కింగ్ చెప్పేవాడు. ఒకేసారి పాడుతూ వాయించడం తనకి రాదని కూడా చెప్పేవాడు. ఆయన 1969 నాటి ‘ద థ్రిల్ ఈజ్ గాన్’ వింటే ఇది బాగా తెలుస్తుంది. గొంతు ఒక వాక్యం పాడి ఆగుతుంది, గిటార్ బదులు చెబుతుంది. మళ్లీ గొంతు, మళ్లీ బదులు. మన కచేరీలో గాయకుడు రాగం ఎత్తుకుంటే వయొలిన్ అందుకున్నట్టు. చివరికి గొంతు పూర్తిగా తప్పుకున్నా వినేవాడికి పాట ఆగినట్టనిపించదు. అప్పటిదాకా సంభాషణలో ఉన్న ఇద్దరిలో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు కదా. ఆయన గిటార్‌కి లూసిల్ అని పేరు పెట్టుకున్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇంకో చిక్కు మిగిలింది. గాయకుడు ఒక స్వరాన్ని నాలుగైదు క్షణాలు పట్టి నిలపగలడు. గిటార్ తీగ మీటగానే పెద్దగా మోగి, వెంటనే సన్నగిల్లుతుంది. దీనికి మందు అనుకోకుండా దొరికింది. ఆంప్‌ని దాని శక్తికి మించి తోస్తే ధ్వని తరంగం కొసలు తెగిపోతాయి. గరగరమనే జీర వస్తుంది. అదే డిస్టార్షన్. చాలామంది ఆ జీరనే చూస్తారు గానీ, దాని వెనక ఇంకో ఉపకారం ఉంది. పెద్దగా మోగే ఆరంభాన్ని ఆంప్ నొక్కేస్తుంది. సన్నగిల్లే తోకని మాత్రం అలాగే వదిలేస్తుంది. దాంతో మొదలూ చివరా ఇంచుమించు ఒకే ఎత్తున వినపడి, స్వరం నిలబడిపోయినట్టుంటుంది. గిటార్‌కి ఊపిరితిత్తులు వచ్చాయన్నమాట. 1960ల చివర్లో రాక్ సోలోలు అంత పొడవుగా, అంత పాటలా మారడానికి సగం కారణం ఇదే.

మన గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్‌కి కూడా మెట్ల మధ్య స్వరం పలికించే సమస్య ఎదురైంది. మాండొలిన్ మెట్ల వాయిద్యం. పైగా తీగలు జంటలుగా ఉంటాయి, రెండిటినీ కలిపి సమానంగా లాగడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు మాని ఒంటి తీగలు కట్టుకుని, ఆ చిన్న మెడ మీద కర్ణాటక గమకాలు పలికించాడు. తర్వాత ఇంగ్లండ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించాడు. మెక్‌లాఫ్లిన్ 1970లలోనే గమకాల కోసం తన గిటార్ మెట్ల మధ్య చెక్కని లోతుగా చెక్కించుకున్నవాడు. ఇద్దరూ చెరో వైపు నుంచి ఒకే చోటికి వచ్చారు.

కింద నేల కదులుతుంటే

మనవాళ్లకి రాక్ సోలో వినగానే సగం తెలిసినట్టు అనిపించడానికి స్కేలు, అంటే ఎంచుకున్న స్వరాల వరస, కూడా కారణం. బ్లూస్, రాక్ గిటార్ వాళ్లు ఎక్కువగా వాడే అయిదు స్వరాల మైనర్ స్కేలు మన శుద్ధ ధన్యాసి స్వరాలే: స గ మ ప ని. మేజర్ రకం తీసుకుంటే మోహన స్వరాలు. అయితే ఈ పోలిక ఇక్కడికే పనికొస్తుంది. ఆ తర్వాత దారులు వేరు.

మన సంగీతంలో తంబూరా మీద అదే షడ్జమం మోగుతుంటుంది. నేల కదలదు, రాగం దాని మీద నడుస్తుంది. పాశ్చాత్య పాటలో కింద కార్డ్‌లు మారుతుంటాయి. కార్డ్ అంటే కలిపి మోగించే మూడు నాలుగు స్వరాలు. అది మారినప్పుడల్లా పైన వాయించే స్వరానికి అర్థం మారిపోతుంది. ఇందాక తీయగా ఉన్న స్వరమే ఇప్పుడు ముల్లులా గుచ్చుకోవచ్చు.

మా హాస్టల్ పాటనే దగ్గరగా చూద్దాం. ‘హోటల్ కాలిఫోర్నియా’ చరణం, సోలో రెండిటి కిందా ఎనిమిది కార్డ్‌లు వరసగా తిరుగుతుంటాయి: బి మైనర్, ఎఫ్ షార్ప్, ఎ, ఇ, జి, డి, ఇ మైనర్, మళ్లీ ఎఫ్ షార్ప్. బి ని షడ్జమం అనుకోండి. రెండో కార్డ్‌లో కాకలి నిషాదం ఉంది. దాని వెంటనే వచ్చే మూడో కార్డ్‌లో కైశికి నిషాదం. నాలుగో కార్డ్‌లో చతుశ్రుతి ధైవతం, అయిదో దానిలో శుద్ధ ధైవతం. ఎనిమిది కార్డ్‌ల ఒక్క చుట్టులో రెండు నిషాదాలు, రెండు ధైవతాలు వచ్చి పోతాయన్నమాట. ఒకే స్కేలు పట్టుకుని పైనుంచి కిందకి పరుగెత్తే గిటారిస్ట్ ఇక్కడ ఏదో ఒక కార్డ్ దగ్గర తప్పకుండా గుద్దుకుంటాడు.

ఈగల్స్ గిటారిస్టులు డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఇద్దరూ ఏం చేశారంటే, ప్రతి కార్డ్‌నీ పేరు పెట్టి పలకరించారు. మొదట వంతులవారీగా ఒకరి తర్వాత ఒకరు వాయిస్తారు. చివరికి ఇద్దరూ కలిసి, కింద ఏ కార్డ్ ఉంటే దానిలోని స్వరాలనే ఒక్కొక్కటిగా విడదీసి, ఒకరికొకరు కొంచెం ఎడంగా, జంటగా వాయిస్తారు. కార్డ్ మారగానే కొన్ని స్వరాలు మెట్టో రెండు మెట్లో జరుగుతాయి, మొత్తం రంగు మారిపోతుంది. ఆ జరిగే స్వరాలే మనసుని లాగేవి. మా గదిలో ఎవరికీ కార్డ్ అంటే ఏమిటో తెలియదు. కానీ ఆ సోలోని పాడుతున్నప్పుడు కింది కార్డ్‌లని కూడా పాడుతున్నామని ఇప్పుడు తెలుస్తోంది. ఒక్క గొంతుతో మొత్తం బ్యాండ్‌ని పాడించే సోలో అది. వెనక ఎవరూ లేకపోయినా, బాత్రూంలో ఒంటరిగా కూనిరాగం తీసినా నిండుగా అనిపించేది అందుకే.

అప్పటికప్పుడు పుట్టిందా, కూర్చి పెట్టిందా?

సోలో అంటే ఆ క్షణంలో వేళ్లకి తోచింది వాయించడం అనే నమ్మకం ఒకటుంది. జాజ్‌లో అది చాలావరకు నిజం. మనకి గుర్తుండిపోయిన రాక్ సోలోల చరిత్ర చూస్తే మాత్రం నిజం మధ్యలో ఉంది.

‘హోటల్ కాలిఫోర్నియా’ సోలోకి మూలం ఫెల్డర్ ఇంట్లో ఒంటరిగా కూర్చుని తోచినట్టు వాయించి క్యాసెట్‌లో పెట్టుకున్న డెమో, అంటే నమూనా రికార్డింగ్. చాలాకాలం తర్వాత బ్యాండ్ మయామీలోని క్రైటీరియా స్టూడియోలో పాట రికార్డ్ చేస్తున్నప్పుడు ఫెల్డర్, వాల్ష్ కొత్తగా ఏదో అల్లడం మొదలుపెట్టారు. ఆ పాట పాడిన డాన్ హెన్లీ ఆపేశాడు. డెమోలో ఉన్నట్టే కావాలన్నాడు. అదేమో ఫెల్డర్‌కే గుర్తులేదు. దాంతో ఫెల్డర్ కాలిఫోర్నియాలోని తన ఇంటికి ఫోన్ చేసి, పనామెతో ఆ క్యాసెట్ వెతికించి, టేప్ రికార్డర్‌లో పెట్టించి, రిసీవర్ దగ్గర పెట్టమన్నాడు. ఫోన్‌లో విని, తను వాయించిందే తను మళ్లీ నేర్చుకున్నాడు. పుట్టినప్పుడు అప్పటికప్పుడు తోచింది, రికార్డ్‌కి ఎక్కేసరికి కృతిలా కుదురుకుంది.

పింక్ ఫ్లాయిడ్ 1979లో తెచ్చిన ‘కంఫర్టబ్లీ నమ్’ చివరి సోలో సంగతీ ఇంతే. ఆ బృందం గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ అయిదారు సార్లు రకరకాలుగా వాయించాడు. తర్వాత కూర్చుని ఒక్కొక్క టేక్, అంటే ఒక్కొక్కసారి వాయించి రికార్డ్ చేసింది, వింటూ, ఏ బార్‌లో (తాళంలో ఒక ఆవర్తనం లాంటిది) ఏది బాగుందో కాగితం మీద టిక్కులు, ఇంటూలు పెట్టుకున్నాడు. ఆ పట్టీ చూసుకుంటూ, మిక్సింగ్ బల్ల మీద ఒక టేక్ నుంచి ఇంకో టేక్‌కి దూకుతూ, మంచి ముక్కలన్నీ ఒకే వాక్యంలా ప్రవహించేలా కూర్చాడు. మనం ఇన్నేళ్లుగా ఒక్క ఊపిరిలో వచ్చిందనుకుని కళ్లు మూసుకుని వినేది అలా తయారైంది. ఇది తెలిశాక నాకు దాని మీద ప్రేమ ఇంకా పెరిగింది. వేళ్లతో పాటు వినే చెవి కూడా ఆ సోలోని వాయించింది.

ఆ పాటలో సోలోలు రెండని గమనించాలి. పాట ఒక డాక్టర్‌కీ, మత్తులోకి జారుతున్న రోగికీ మధ్య నడుస్తుంది. డాక్టర్ మాటలు బృందంలోని రోజర్ వాటర్స్ గొంతులో, దిగులుగా వినిపించే మైనర్ కార్డ్‌ల మీద. రోగి మనసు గిల్మర్ గొంతులో, వెలుతురుగా వినిపించే మేజర్ కార్డ్‌ల మీద. మొదటి సోలో రోగి కార్డ్‌ల మీద వస్తుంది, తేలిపోతున్నట్టుంటుంది. రెండోది డాక్టర్ కార్డ్‌ల మీదకి దిగుతుంది. ఇంక రోగికి మాటల్లేవు, ఆ చీకటి నేల మీద గిటార్ ఒక్కటే అరుస్తుంది. సోలో ఎక్కడ పెట్టారన్నది సోలోలో భాగమేనని నాకు అర్థం చేయించిన పాట ఇది.

ఆ మాట లెడ్ జెప్లిన్ 1971 నాటి ‘స్టెయిర్‌వే టు హెవెన్’కి ఇంకా సరిపోతుంది. ఎనిమిది నిమిషాల పాట. ఒంటరి అకూస్టిక్ గిటార్‌తో మొదలై మెల్లగా ఎక్కుతూ పోతుంది, డ్రమ్ములు కూడా సగం దాటాకే వస్తాయి. సోలో రావడానికి దాదాపు ఆరు నిమిషాలు పడుతుంది. మరో గిటారిస్ట్ జెఫ్ బెక్ కానుకగా ఇచ్చిన టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ మీద బృందం గిటారిస్ట్ జిమ్మీ పేజ్ మూడు టేకులు వాయించి ఒకటి ఎంచుకున్నాడు. అదే సోలోని పాట మొదటి నిమిషంలో పెట్టి ఉంటే మంచి గిటార్ ముక్క అని ఊరుకునేవాళ్లం. ఆరు నిమిషాలు ఎదురుచూశాక వచ్చింది కాబట్టి తలుపు బద్దలైనట్టుంది.

వేగం పనికిరాదని నేననడం లేదు. మైకేల్ జాక్సన్ ‘బీట్ ఇట్’లో ఎడ్డీ వాన్ హేలెన్ కుడి చేతి వేళ్లని కూడా మెడ మీదకి తెచ్చి మెరుపులా వాయించాడు. 1982 నాటి ఆ సోలోకి డబ్బు కూడా తీసుకోలేదు. రెండు టేకుల్లో ముగించాడు. ఎవరూ పాడలేరు దాన్ని, అయినా ఎవరూ మరచిపోలేదు. నా లెక్క ప్రకారం అందుకు కారణం దాని పొడవు. అరనిమిషం మాత్రమే. డాన్స్ పాట మధ్యలో, అలాంటి ధ్వని ఎవరూ ఊహించని చోట పిడుగులా పడి వెళ్లిపోతుంది. అదే అయిదు నిమిషాలు సాగితే చెవి దాన్ని పట్టుకోవడం మానేస్తుంది. ఇక నిర్వాణా బృందం 1991లో ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’లో సరిగ్గా ఎదురు దారి పట్టింది. దాని గాయకుడు, గిటారిస్ట్ కర్ట్ కోబేన్ సోలోలో కొత్తదేమీ వాయించలేదు, అప్పటిదాకా పాడిన బాణీనే గిటార్ మీద తిరిగి పలికించాడు. సోలో చరణమే అనడానికి ఇంతకన్నా సూటి రుజువు నాకు దొరకలేదు.

ప్రిన్స్ ‘పర్పుల్ రెయిన్’లో చరణం అటునుంచి ఇటు నడుస్తుంది. 1983 ఆగస్టు 3న మినియాపొలిస్‌లోని ఫస్ట్ అవెన్యూ క్లబ్‌లో, జనం ముందు వాయించిన రికార్డింగే ఆ పాటకి పునాది. సోలో చివరికి గిటార్ ఒక చిన్న వాక్యాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ అంటుంది. అప్పుడు ప్రిన్స్ ఆ వాక్యాన్ని సన్నటి గొంతుతో, మాటలు లేకుండా అందుకుంటాడు. గిటార్ పాడింది మనిషి నేర్చుకుంటాడు.

ఇదంతా ఇంగ్లిష్ పాటల ప్రపంచం. ఆఫ్రికాలోని కాంగో దేశపు నాట్య సంగీతం రుంబాలో సోలో ఊహే వేరు. అక్కడ పాట నెమ్మదిగా నడిచి, సగంలో సెబెన్ అనే భాగంలోకి మారుతుంది. ఫ్రాంకో, డాక్టర్ నికో లాంటివాళ్ల గిటార్లు ఒక చిన్న మెలికని తిప్పి తిప్పి, కొంచెం కొంచెం మారుస్తూ, నాట్యం చేసేవాళ్ల కాళ్లని లాగుతాయి. శిఖరం ఉండదు, సుడి ఉంటుంది. మన సినిమా పాటలో మరో పద్ధతి. పల్లవికీ చరణానికీ మధ్య ఉన్న కొద్ది బార్లని వయొలిన్లు, వేణువు, గిటార్ పంచుకోవాలి. సంగీత దర్శకుడు రాసిచ్చిన స్వరం దాటడానికి వీల్లేదు. ఆర్డీ బర్మన్ 1973లో చేసిన ‘చురా లియా’లో భూపిందర్ సింగ్ గిటార్ ఉన్నది కొద్దిసేపే, అయినా పాట పేరు చెప్పగానే ముందు అదే వినపడుతుంది. ఇంటర్లూడ్‌లని కూడా పల్లవిలాగే కూనిరాగం తీసే అలవాటు మనకి చిన్నప్పటి నుంచీ ఉంది. మా గదిలో ఇంగ్లిష్ సోలో అంత తేలిగ్గా ఇంకడానికి ఆ అలవాటు కూడా సాయపడి ఉంటుంది.

2005 జులై 2న లండన్ హైడ్ పార్క్‌లో లైవ్ 8 కచేరీ జరిగింది. విడిపోయిన పింక్ ఫ్లాయిడ్ నలుగురూ 24 ఏళ్ల తర్వాత ఒకే వేదిక ఎక్కారు. చివరి పాట ‘కంఫర్టబ్లీ నమ్’. మొదటి సోలోని గిల్మర్ దాదాపు రికార్డ్‌లో ఉన్నట్టే వాయించాడు. రెండోది కూడా పాత వాక్యంతోనే ఎత్తుకున్నాడు. జనం ఆ వాక్యం కోసమే నిలబడి ఉన్నారు, ఆయనకీ ఆ సంగతి తెలుసు. అది వాళ్లకి ఇచ్చేశాక పట్టీ మీది టిక్కులు వదిలేసి, తీగని పక్కకి లాగి, ఆ రాత్రికి తోచిన దారిన వెళ్లాడు.